బ్లేడు అద్దంలా మెరుస్తోంది, మరి చెక్క ఎందుకు లేచిపోతోంది?

చిత్రిక పట్టడం కొత్తగా నేర్చుకునేవాళ్ల దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. బ్లేడుని రాయి మీద గంటసేపు రుద్దారు. వాలు (అంచు వైపు ఏటవాలుగా ఉండే ముఖం) అద్దంలా మెరుస్తోంది, చూసుకుంటే మొహం కనబడుతోంది. తీరా పనస చెక్క మీద పెట్టి తోస్తే పొట్టు చుట్టలుగా రాదు, పొడిపొడిగా రాలుతుంది. కాస్త ఎదురు పీచు తగిలిందంటే చెక్క పెళ్లలుగా లేచిపోతుంది. తప్పు రాయిదే అనుకుంటారు. 1000 గ్రిట్ (రేణువు ఎంత సన్ననో చెప్పే నంబరు) రాయి ఉన్నవాళ్లు 3000 కొంటారు, 3000 ఉన్నవాళ్లు 8000కి పోతారు. ఇంట్లో రాళ్లు పెరుగుతాయి, పదును మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా కలప డిపో వైపు వెళ్తే ఇప్పుడు చెవిన పడేది మెషిన్ గోలే. తలుపు చెక్కలు అక్కడే తోయించుకుని తెచ్చుకుంటున్నారు. చేతి చిత్రికకి (తోపడా అంటే మా వైపు ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది) మిగిలినవి చిన్న పనులే. వానాకాలంలో ఉబ్బి బిగుసుకున్న తలుపు అంచు తీయడం, మెషిన్ వదిలిన అలల గుర్తులు పోగొట్టడం, రెండు పలకల్ని సందు కనబడకుండా అతికించడం. పని తగ్గింది కానీ మిగిలిన పనంతా సున్నితమైనదే, మొండి బ్లేడుతో అయ్యేది కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేసేవారికైతే చేతి పనిముట్లు లేకుండా రోజు గడవదు. పదును పెట్టడం అనే విద్యకి కాలం చెల్లలేదని చెప్పడానికి ఇది చాలు.

చిక్కంతా సలహాల దగ్గర వస్తుంది. ఒకరు 25 డిగ్రీలంటారు, ఇంకొకరు 30 అంటారు. నీళ్ల రాయి అంటారు, ఆయిల్ స్టోన్ అంటారు, డైమండ్ ప్లేటు అంటారు. ఎవరి మాటా అబద్ధం కాదు. కాకపోతే మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే మూటలో కట్టేస్తున్నారు. బ్లేడు ఆకారం, అంటే కోణం సరిగ్గా ఉందా అన్నది ఒకటి. మన రుద్దుడు అంచు చివరిదాకా చేరిందా అన్నది ఇంకొకటి. చేరిన అంచుని ఎంత నునుపు చేశాం అన్నది మూడోది. మనం డబ్బు పోసేది మూడో ప్రశ్న మీద. పని చెడేది మాత్రం చాలాసార్లు రెండో దాని దగ్గర. అందుకే ముందు దాన్నే పట్టుకుందాం.

పదును అంటే రెండు ముఖాలు ఒక గీత మీద కలవడం. చిత్రిక బ్లేడుకి ఒకవైపు వాలు ఉంటుంది, రెండోవైపు చదునైన వీపు ఉంటుంది. ఈ రెండూ నిజంగా కలిసిన చోట ఆ గీతకి వెడల్పంటూ కంటికి కనబడదు. వాడేకొద్దీ ఆ గీత అరిగి చిన్న గుండ్రటి అంచు అవుతుంది. దాన్ని చూడ్డానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు. బ్లేడుని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని, అంచు మీ కళ్లకి ఎదురుగా వచ్చేలా మెల్లగా అటూ ఇటూ వంచండి. ఎక్కడైనా సన్నటి తెల్ల గీత తళుక్కుమంటే అక్కడ మొద్దుబారినట్టే. గుండ్రటి అంచు వెలుగుని తిప్పి కొడుతుంది. పదునైన అంచుకి వెలుగు పడేంత స్థలమే ఉండదు, నల్లగా మాయమవుతుంది.

పదును పెట్టడమంటే ఆ గుండ్రటి భాగం పూర్తిగా పోయేదాకా వాలు వైపు నుంచి ఉక్కు తీసేయడం. ఇక్కడే చాలామంది తొందరపడి ఆపేస్తారు. వాలు మధ్యలో కొత్త గీతలు కనిపిస్తుంటాయి, మెరుపు వస్తుంటుంది, అయిపోయిందనుకుంటారు. అంచుకి జుట్టులో సగం మందమంత ముందే రాయి ఆగిపోయి ఉంటుంది. అక్కడ పాత మొద్దు అంచు అలాగే ఉంటుంది. ఆ తర్వాత 8000 రాయి మీద ఎంత రుద్దినా మెరిసేది వాలే, అంచుకి ఒరిగేదేమీ లేదు.

మరి చేరిందని తెలిసేదెలా? శ్రీకాకుళంలో మా ఇంటి కిటికీల పని చేసిన పెద్ద మేస్త్రీ పదును పెడుతుంటే గమనించాను. రాయి కదలకుండా పలక మీద రెండు చెక్క ముక్కల మధ్య బిగించుకున్నాడు. పక్కన చెంబుతో నీళ్లు. వాలుని రాయి మీద ఆనించి, అది పూర్తిగా కూర్చుందని వేళ్లకి తెలిసేదాకా కదపలేదు. కుడిచేత్తో బ్లేడు పట్టుకుని, ఎడమచేతి రెండు వేళ్లు సరిగ్గా అంచు వెనకాల నొక్కి, ముందుకీ వెనక్కీ తోశాడు. రాయి మీద బూడిదరంగు బురద తేలి నల్లబడింది. నాలుగు తోపులకోసారి ఆపి, బొటనవేలి మెత్తని భాగాన్ని వీపు మీంచి అంచు బయటికి, అంటే అంచుకి అడ్డంగా, జార్చి చూశాడు. అంచు పొడవునా వేలు నడపలేదు, అలా నడిపితే వేలు తెగుతుంది. నేను మెరుపు వచ్చిందన్నాను. ఆయన తలెత్తకుండానే, “మెరుపుకేటి బాబూ, ఎనకాల గరుకు లేచిందా నేదా సూడాల. మూల నుంచి మూలకి లేస్తేనే అయినట్టు” అన్నాడు.

మొత్తం వ్యవహారంలో కీలకం ఆ గరుకే. వాలు వైపు నుంచి రుద్దినప్పుడు ఉక్కు అంచు దాకా అరిగిపోయాక, అక్కడ మిగిలిన అతి పల్చని పొర రాయి ఒత్తిడికి వీపు వైపు వంగుతుంది. వేలికి చిన్న మెట్టులా తగులుతుంది. అది లేచిందంటే వాలూ వీపూ కలిశాయని అర్థం. సగం వెడల్పులోనే లేస్తే సగమే పదునైంది. ఎంతసేపు రుద్దాలి, ఎన్ని తోపులు తోయాలి అన్న ప్రశ్నలకి ఇంతకంటే కచ్చితమైన కొలత లేదు. మొద్దుబారిన బ్లేడుకి ఎక్కువ సేపు పడుతుంది, కొద్దిగా అరిగినదానికి కొన్ని తోపులు చాలు. గరుకు మొదటి రాయి మీదే, మూల నుంచి మూల దాకా రావాలి. అది రాకుండా తర్వాతి రాయికి వెళ్లడం వృథా. నా లెక్కలో పదును పెట్టడంలో ముప్పాతిక భాగం ఇదే.

ఇక గ్రిట్ నంబర్లు. ఇందులో ఎవరూ సరిగ్గా చెప్పని గందరగోళం ఒకటి ఉంది. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది, అంతవరకు అందరికీ తెలుసు. కానీ నంబర్లకి దేశానికో లెక్క ఉంది. నీళ్ల రాళ్లు ఎక్కువగా జపాన్ లెక్కలో ఉంటాయి. ఆ ప్రమాణంలో 1000 అంటే రేణువు సుమారు 11.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 4000 అంటే 3 మైక్రాన్లు, 8000 అంటే దాదాపు 1.2 మైక్రాన్లు. పెయింట్ షాపులో దొరికే వాటర్ పేపర్ మీద నంబరుకి ముందు ‘పి’ అక్షరం ఉంటే అది యూరప్ లెక్క. అందులో 1000 అంటే 18 మైక్రాన్ల పైచిలుకు, 2000 అంటే సుమారు 10 మైక్రాన్లు. అంటే పేపర్ మీది 2000, రాయి మీది 1000కి కాస్త అటూ ఇటూగా సమానం. “2000 పేపర్ మీద రుద్దినా పదును రాలేదు, రాయి 1000 మీదే బాగా వచ్చింది” అని ఆశ్చర్యపోయేవారికి జవాబు ఇదే. వింతేమీ లేదు, రెండూ ఇంచుమించు ఒకటే. పోలిక కోసం చెప్పాలంటే మనిషి వెంట్రుక మందం సాధారణంగా 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది.

ఏ పదార్థం ఉక్కుని కోస్తుందన్నది దాని కాఠిన్యం మీద ఆధారపడుతుంది. ఇందులో మన జిల్లాల నేల గురించి ఒక మాట చెప్పుకోవచ్చు. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. ఖోండు తెగ పేరు మీదే దానికా పేరు పెట్టారు. అందులో క్వార్ట్జ్, సిలిమనైట్‌తో పాటు గార్నెట్ ఉంటుంది. కొండలు కరిగి, నదులు మోసుకొచ్చి, అలలు జల్లెడ పట్టగా కళింగపట్నం, భావనపాడు వైపు తీరపు ఇసుకలో ఆ గార్నెట్ ఎర్రెర్రగా పోగుపడింది. చెక్కకి వాడే ఒక రకం గరుకు కాగితానికి గార్నెట్టే రేణువు. అయితే దాని కాఠిన్యం మోస్ కొలబద్ద (ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే లెక్క) మీద 6.5 నుంచి 7.5 మధ్యే. పాత ఇళ్ల ముందు బండ మీద కొడవలి నూరుకోవడానికి అది సరిపోతుంది. పదును కోసం గట్టిపరిచిన చిత్రిక బ్లేడు కూడా ఇంచుమించు అదే కాఠిన్యంలో ఉంటుంది కాబట్టి గార్నెట్ దాని మీద జారుతుందే తప్ప త్వరగా కొరకదు.

అందుకే మనవాళ్లు ఎప్పట్నుంచో కురువిందాన్ని పట్టుకున్నారు. దాని కాఠిన్యం 9. దాన్ని పొడి చేసి లక్కలో కలిపి సాన చక్రాలు పోసేవారు. ఇప్పుడు రాళ్లలో వాడే అల్యూమినియం ఆక్సైడ్ అంటే ఫ్యాక్టరీలో చేసిన కురువిందమే. హార్డ్‌వేర్ షాపుల్లో రెండు ముఖాల నల్ల రాయిగా దొరికే కార్బొరండం ఇంకాస్త గట్టిది. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచిసన్ విద్యుత్ కొలిమిలో కృత్రిమ వజ్రం చేద్దామని ప్రయత్నిస్తుంటే బయటపడింది. వజ్రం 10. డైమండ్ ప్లేట్లకి ఉక్కు ఎంత గట్టిదైనా లెక్కలేదు. సహజమైన ఆర్కన్సా రాయి క్వార్ట్జే, అంటే 7. నెమ్మదిగా కోస్తుంది, కానీ నునుపు బాగా తెస్తుంది. మామూలు కార్బన్ ఉక్కు బ్లేడుకి ఏ రాయైనా పర్వాలేదు. క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కు, హైస్పీడ్ స్టీల్ బ్లేడ్ల దగ్గరే కురువిందం, కార్బొరండం, వజ్రం అవసరపడతాయి.

నూనె పోయాలా, నీళ్లు పోయాలా అన్నదాని మీద జరిగే వాదన అనవసరం. ఆ ద్రవం పని ఒకటే, అరిగిన ఉక్కు పొడి రాయి రంధ్రాల్లో ఇరుక్కోకుండా తేల్చి బయటికి తీయడం. కుట్టుమిషన్ ఆయిల్ అందుకు చక్కగా సరిపోతుంది. వంట నూనె వద్దు, జిడ్డు పట్టి రాయి మూసుకుపోతుంది. ఒకసారి నూనె తాగిన రాయికి ఆ తర్వాత నీళ్లు పనిచేయవు. మొదటిరోజే ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి, అంతే.

రాయి చదునుగా ఉండడం మాత్రం నిజంగా ముఖ్యం. అందరూ రాయి మధ్యలోనే రుద్దుతారు కాబట్టి మధ్య భాగం పల్లమవుతుంది. మెత్తటి నీళ్ల రాళ్లు మరీ త్వరగా. పల్లం పడిన రాయి మీద రుద్దిన బ్లేడు అంచు వంపు తిరుగుతుంది, వీపైతే చదునే పోతుంది. మందమైన గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి, రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, తడిపి రుద్దండి. గీతలన్నీ చెరిగిపోయేసరికి రాయి చదునైనట్టు. మధ్యలో గీతలు ఇంకా మిగిలి ఉంటే అక్కడ పల్లం ఉన్నట్టు. ఇదేదో ఆర్నెల్లకోసారి చేసే పని అనుకోవద్దు. నీళ్ల రాయికి పదును పెట్టే ప్రతిసారీ రెండు నిమిషాలు దీనికి ఇస్తే సరిపోతుంది, వదిలేస్తే తర్వాత గంట పడుతుంది.

కోణం సంగతికి వద్దాం. మామూలు చిత్రికలో బ్లేడు 45 డిగ్రీల వాలులో, తన వాలు కిందికి ఉండేలా కూర్చుంటుంది. అంటే చెక్కని ఏ కోణంలో కోయాలో నిర్ణయించేది బ్లేడు కూర్చునే చిత్రిక దిమ్మే. మనం రాయి మీద పెట్టే కోణం కాదు. మరి మన కోణం దేనికి? ఒకటి, అంచుకి బలం కోసం. సన్నగా 20 డిగ్రీలు పెడితే అంచు పెచ్చులూడుతుంది. రెండు, బ్లేడు వాలుకీ చెక్కకీ మధ్య సందు కోసం. 45 లోంచి మీ కోణం తీసేస్తే మిగిలేది ఆ సందు. 30 డిగ్రీలు పెడితే 15 డిగ్రీల సందు మిగులుతుంది, బాగుంటుంది. చేతి ఊపులో తెలియకుండా బ్లేడు వెనక భాగం ఎత్తేస్తూ 38కి చేరామనుకోండి, ఏడు డిగ్రీలే మిగులుతాయి. కోసిన చోట చెక్క పీచు కొద్దిగా తిరిగి పైకి లేస్తుంది. సందు తక్కువైతే అది వాలుకి తగిలి బ్లేడుని పైకి తోసేస్తుంది. బ్లేడు నిజంగానే పదునుగా ఉంటుంది, కానీ చెక్క మీద జారిపోతుంది. అప్పుడు చెక్క దొరకట్లేదని బ్లేడుని ఇంకా కిందికి దింపుతాం, ఒక్కసారిగా లోతుగా దిగి పెళ్ల లేపుతుంది. మొదట్లో చెప్పిన ఫిర్యాదుకి ఇది మరో కారణం. మెరిసే గుండ్రటి వాలు కన్నా గీతలున్న చదును వాలు వెయ్యి రెట్లు నయం.

మీ బ్లేడు కోణం తెలుసుకోవడానికి కోణమానిని అక్కర్లేదు. బ్లేడు మందం, వాలు పొడవు స్కేలుతో కొలవండి. వాలు పొడవు మందానికి సరిగ్గా రెండింతలుంటే 30 డిగ్రీలు. 3 మిల్లీమీటర్ల బ్లేడుకి 6 మిల్లీమీటర్ల వాలు అన్నమాట. అదే బ్లేడుకి 7 మిల్లీమీటర్లు కాస్త దాటితే 25 డిగ్రీలు. 25, 30 అని ఇద్దరు చెప్పేదాంట్లో తగువు లేదు. వాలు మొత్తాన్ని 25లో అరగదీసి, చివర అర మిల్లీమీటరంత మాత్రం 30లో రుద్దడం మామూలు పద్ధతి. రుద్దాల్సిన ఉక్కు కొంచెమే కాబట్టి గరుకు త్వరగా లేస్తుంది. చేత్తో కోణం నిలబెట్టలేనివాళ్లు చిన్న చక్రం ఉన్న గైడ్ కొనుక్కోవచ్చు. పక్కల నుంచి బిగించే రకం గైడుల్లో బ్లేడు 38 మిల్లీమీటర్లు బయటికి ఉంటే 30 డిగ్రీలు, 50 ఉంటే 25. గైడు వాడటం చిన్నతనమనే మేస్త్రీలు ఉన్నారు. నేనైతే వాళ్ల మాట పట్టించుకోవద్దంటాను. పది బ్లేడ్లు గైడుతో పెట్టాక చేతికి ఆ కోణం దానంతటదే అలవాటవుతుంది.

వీపు గురించి ఎవరికీ పట్టదు, కానీ అంచులో సగం వీపుదే. వాలుని 8000 దాకా తెచ్చి, వీపు మీద ఫ్యాక్టరీ గ్రైండర్ గీతలు అలాగే వదిలేస్తే, కలిసేచోట ఆ గీతలే అంచుని రంపపు పళ్లలా చేస్తాయి. కొత్త బ్లేడు కొన్నప్పుడు ఒకసారి కూర్చుని, వీపు మీద అంచు వెనక ఒక సెంటీమీటరు మేర చదును చేసుకోవాలి. బ్లేడు మొత్తం చదును చేయక్కర్లేదు, మిగతా ఉక్కు ఎలా ఉన్నా చెక్కకి తగలదు. మార్కర్‌తో వీపుకి రంగు పూసి రాయి మీద నాలుగుసార్లు తోస్తే ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది. చౌక బ్లేడ్లలో అంచు దగ్గరే పల్లం ఉంటే అది చదునయ్యేసరికి ఓపిక పోతుంది. దానికి ఇంగ్లండ్ వడ్రంగి గురువు డేవిడ్ చార్ల్స్‌వర్త్ ప్రచారంలోకి తెచ్చిన కిటుకు ఉంది. రాయి ఒక అంచు మీద అర మిల్లీమీటరు మందం స్టీలు స్కేలు పెట్టి, బ్లేడు వీపుని దాని మీద ఆనించి, అంచు మాత్రం రాయికి తగిలేలా రుద్దడం. బ్లేడు ఒక డిగ్రీలోపే లేస్తుంది, అంచు పక్కన సన్నటి పట్టీ మాత్రం నునుపవుతుంది. చిత్రిక బ్లేడుకి దీనివల్ల నష్టం లేదు. ఉలికి మాత్రం చేయకండి, ఉలి వీపు పూర్తి చదునుగా ఉంటేనే గాడి గోడకి ఆనించి తిన్నగా కోయగలం.

గరుకు లేచాక మిగతా కథ సులువే. 1000 మీద గరుకు, 4000 లేదా 6000 మీద ముందు రాయి గీతలు పోయేదాకా, ఆఖరున 8000. ఒక్కో రాయికి మారినప్పుడు బ్లేడుని, వేళ్లని కడుక్కోవాలి. ముతక రాయి రేణువు ఒక్కటి సన్న రాయి మీద పడినా కొత్త గీత పడుతుంది. ఆఖరి రాయి మీద వాలు వైపు కొన్ని తోపులు, వీపు పూర్తిగా ఆనించి రెండు తోపులు, మళ్లీ వాలు, మళ్లీ వీపు, ప్రతిసారీ ఒత్తిడి తగ్గిస్తూ. గరుకు అటూ ఇటూ వంగి రాలిపోతుంది. చివర్లో ఆకుపచ్చ పాలిష్ ముద్ద పూసిన తోలు పట్టా మీద వెనక్కి మాత్రమే లాగితే మిగిలిన నలుసులు పోతాయి. ఆ ముద్దలో ఉండేది క్రోమియం ఆక్సైడ్, రేణువు దాదాపు అర మైక్రాన్. తోలు మీద ఎక్కువసేపు రుద్దితే మెత్తటి తోలు అంచు చుట్టూ వంగి మళ్లీ గుండ్రం చేస్తుంది. పది సార్లు చాలు.

ఇంతకీ నునుపు దేనికి? బుడితి ఇత్తడి చెంబుని మెరిపించేది కళ్ల కోసం. బ్లేడుని మెరిపించేది గీతల లోతు తగ్గించడం కోసం. ముతక రాయి వదిలిన ఒక్కో గీతా అంచు దగ్గర ఒక గాడి అవుతుంది, గాడికీ గాడికీ మధ్య మిగిలిన కొనలు పని మొదలుపెట్టగానే విరుగుతాయి. అందుకే 1000 మీద ఆపేసిన బ్లేడు మొదటి నాలుగు తోపులూ బాగానే కోసి వెంటనే బద్ధకిస్తుంది. నునుపు చేసిన అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. మెరుపు ఆ పనికి తోడుగా వచ్చేదే. వాలు పైభాగం మసకగా ఉన్నా అంచు పక్కన ఒక సన్నటి గీత మెరిస్తే చాలు. జపాన్‌లో చిత్రిక పోటీలు పెట్టుకుని పది మైక్రాన్ల లోపు మందంతో పొట్టు తీస్తారు. అది వాళ్ల ఆట, చూడముచ్చటగా ఉంటుంది. మన టేకు తలుపు అంచుకి అంత పదును పెట్టినా రెండు నిమిషాల్లో పోతుంది. టేకు చెక్కలోనే ఇసుక రాయిలో ఉండే సిలికా ఉంటుంది, ఉక్కుని తినేస్తుంది. టేకు పనికి 4000 మీద ఆపేసి, తరచూ పెట్టుకోవడమే తెలివి. పనసకి, మృదువైన చెక్కలకి 8000 పనికొస్తుంది.

ఉక్కు మంచిది కాకపోతే పై కష్టమంతా నీళ్లపాలు. మన దగ్గర కమ్మరి కొలిమిలో లారీ కమాను పట్టీ కొట్టి చేసిన బ్లేడ్లు, పాత ఆకురాళ్లతో చేసినవీ ఇంకా కనిపిస్తాయి. కమాను ఉక్కులో కార్బన్ 0.6 శాతం దరిదాపుల్లో, ఆకురాయిలో 1.2 వరకూ ఉంటుంది. రెండూ పనికొస్తాయి, నీరు పట్టడం (ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరచడం) సరిగ్గా కుదిరితే. కొత్త ఆకురాయితో బ్లేడు మూల గీకి చూడండి. జారిపోతే గట్టిగా ఉంది. కసుక్కున కొరికితే మెత్తబడిపోయింది. మెత్తటి బ్లేడుకి గరుకు పెద్దగా లేస్తుంది, ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పినా రాలదు, అంచు నిలవదు. దానికి రాయిని తిట్టి లాభం లేదు. మంచి బ్లేడుని చెడగొట్టే మార్గం ఒకటుంది, పొడి గ్రైండర్. కార్బన్ ఉక్కు 220 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర లేత గడ్డి రంగుకి తిరుగుతుంది, 300 దగ్గర నీలమవుతుంది. అంచు పల్చన కాబట్టి ఆ వేడి రెప్పపాటులో వస్తుంది. నీలం తేలిన చోట కాఠిన్యం పోయినట్టే, నీళ్లలో ముంచినా తిరిగి రాదు. ఆ మేరకి అరగదీసి పారేయడమొక్కటే దారి. హైస్పీడ్ స్టీల్ ఒక్కటే ఆ వేడికి చలించదు. గ్రైండర్ వాడాల్సి వస్తే బ్లేడుని ఉత్త వేళ్లతో అంచు దగ్గరే పట్టుకోండి. వేళ్లు కాలుతున్నాయంటే ముంచాల్సిన సమయం.

ఇన్నీ సరిగ్గా చేసినా పనస మీద చెక్క లేస్తుంటే అది పదును సమస్య కాకపోవచ్చు. పనసలో పీచు ఒక పొరలో ఇటు, పక్క పొరలో అటు అల్లుకుని ఉంటుంది. ఏ దిక్కున తోసినా ఎక్కడో ఒకచోట ఎదురే. అక్కడ పనికొచ్చేది బ్లేడు మీద బిగించే పై రేకు. అది పొట్టుని వెంటనే మడిచి విరగ్గొడుతుంది, చీలిక ముందుకి పాకకుండా ఆపుతుంది. యమగటా విశ్వవిద్యాలయంలో కవాయ్, కాటో అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని మైక్రోస్కోప్ కింద వీడియో తీసి చూపించారు. రేకు అంచుకీ బ్లేడు అంచుకీ మధ్య దూరం 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటేనే ప్రభావం కనిపించింది. మనలో చాలామంది ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు వదిలేస్తాం, అప్పుడది ఉత్త బరువే. రేకు కింది అంచు కూడా రాయి మీద రుద్ది, వీపుతో వెలుతురు దూరనంతగా కలిసేలా చేసుకోవాలి. లేకపోతే పొట్టు ఆ సందులో దూరి చిత్రిక నోరు మూసుకుపోతుంది. రేకు లేని పాత చెక్క చిత్రికకి ఆ సదుపాయం లేదు. దానితో పల్చగా తీయడం, దిశ మార్చి అడ్డంగా తోయడమే గతి.

పదును వచ్చిందో లేదో చూడ్డానికి చేతి వెంట్రుకలు గీకడం కన్నా మంచి పరీక్ష, ప్యాకింగ్ పెట్టె పైన్ చెక్క అడ్డుకోత ముఖం. ఆ మెత్తటి చెక్కలో మొద్దు బ్లేడు పీచుని నలిపేసి తెల్లగా చేస్తుంది. పదునైనది నునుపుగా, ముదురు రంగులో కోస్తుంది. గరుకు మిగిలి ఉంటే కోసిన చోట సన్నటి తెల్ల గీతలు పడతాయి. ఒక్క చూపులో తెలిసిపోతుంది.

సముద్రం గాలికి మన వైపు ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో చెప్పక్కర్లేదు. నీళ్ల రాయి మీద పదును పెట్టిన బ్లేడుని తుడిచి, మిషన్ ఆయిల్ రాయకుండా రాత్రి వదిలేస్తే పొద్దుటికి అంచు మీద చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు అంచులో గుంటలే, మళ్లీ 1000 నుంచి మొదలు.

ఇక కొనడం. మొదట కొనాల్సినవి రెండే, 1000 రాయి, 6000 లేదా 8000 రాయి. రెండూ ఒకే ముక్కలో అతికి ఉన్నదైనా సరే. వాటిని చదును చేయడానికి గాజు పలక, నాలుగు ముతక వాటర్ పేపర్లు. డబ్బు మరీ ఇబ్బందైతే ఆ గాజు మీదే 400, 1000, 2000 పేపర్లు తడిపి అంటించుకుని, ఆఖరున పాత బెల్టు ముక్కకి ఆకుపచ్చ ముద్ద పూసుకుని మొదలుపెట్టవచ్చు. అంచు విరిగిన పాత బ్లేడ్లు బాగుచేయాల్సి వచ్చినప్పుడే ముతక రాయి. మధ్యలో 3000, 5000, పైన 12000 అంటూ మెట్లు కట్టుకోవడం సరదా ఉన్నవాళ్ల పని, అవసరం కాదు.